వెలల పట్టిక - విలువల పట్టిక

చిన్న ఊళ్లలో ఏ ఫోటో స్టూడియోలో అడుగుపెట్టినా గోడమీద సాధారణంగా రెండు బోర్డులు కనిపిస్తాయి. ఒకదానిమీద పాస్‌పోర్టు సైజు ఫోటోకు ఎంత, పటం కట్టించిన పెద్ద ఫోటోకు ఎంత, పెళ్లి ఆల్బమ్‌కు ఎంత అన్న వెలల పట్టిక ఉంటుంది. మరొకదానిమీద 'మీ సంతృప్తే మా ధ్యేయం' అన్న వాక్యం ఉంటుంది. మొదటి బోర్డును వచ్చినవారందరూ చదువుతారు. రెండవదానిని, రాయించిన యజమానితో సహా, ఎవరూ చదవరు. చదవకపోవడానికి కారణం లేకపోలేదు. అదే వాక్యం పక్కనున్న బట్టల దుకాణంలోనూ, ఎదుటనున్న హోటలులోనూ ఉంటుంది. అందరికీ సరిపోయే మాట ఏ ఒక్కరి వృత్తిధర్మాన్నీ తెలియజేయలేదు.

ఒక చిన్న ఫోటో స్టూడియో తన విలువలను, ఆశయాలను స్పష్టమైన మాటలలో నిర్వచించుకోవలసిన అవసరం ఉన్నదా? అది పెద్ద కంపెనీలకు తగిన ఆడంబరమే గాని, ఒక గది, ఒక కెమెరా, ఒక సహాయకుడు ఉన్న దుకాణానికి ఎందుకని చాలామంది అనుకొంటారు. పెద్ద కంపెనీకంటె చిన్న స్టూడియోకే ఆ అవసరం ఎక్కువ అని నా అభిప్రాయం. పెద్ద కంపెనీ తన తప్పును ప్రకటనలతో కప్పిపుచ్చుకోగలదు. చిన్న స్టూడియోకు నమ్మకం తప్ప వేరే మూలధనం లేదు.

పశ్చిమ ప్రకాశంలోని కురిచేడును ఉదాహరణగా తీసికొందాం. గుంటూరు నుంచి నంద్యాలకు వెళ్లే రైలుమార్గంలో వినుకొండకూ దొనకొండకూ నడుమ ఉన్న మండల కేంద్రమిది. ఈ ప్రాంతంలో నాగార్జునసాగర్ కుడికాలువ నీటిని నమ్ముకొన్న పొలాలు కొన్ని, వానచినుకును నమ్ముకొన్న మెట్టభూములు మరికొన్ని. వానలు ముఖం చాటేసిన ఏడు గుంటూరుకో, హైదరాబాదుకో, బెంగుళూరుకో పనులకు తరలిపోయే కుటుంబాలు ఈ పడమటి మండలాలలో ఎన్నో ఉన్నాయి. ఇటువంటి ఊరిలో ఒక యువకుడు అప్పుచేసి కెమెరా కొని స్టూడియో తెరవబోతున్నాడని ఊహిద్దాం.

అతని వద్దకు ఎవరెవరు వస్తారు? పరీక్ష దరఖాస్తుమీద అంటించడానికి ఫోటో కావలసిన విద్యార్థి వస్తాడు. బ్యాంకు అప్పు కాగితాలకోసం రైతు వస్తాడు. పింఛను దరఖాస్తుకోసం ముసలమ్మను మనవడు చేయి పట్టుకొని తీసుకొస్తాడు. ఓణీల వేడుకకో, పెళ్లికో ముహూర్తం చెప్పి బయానా ఇచ్చిపోయేవారు వస్తారు. చనిపోయిన తండ్రి ముఖాన్ని ఏదో పెళ్లి గుంపుఫోటో నుంచి విడదీసి పెద్దది చేసి ఇమ్మని, పెద్దకర్మకు రెండు రోజుల ముందు పరుగున వచ్చే కొడుకు ఉంటాడు. స్టూడియోకు అది పది నిమిషాల పని. ఆ కొడుకుకు మాత్రం అది ఇకమీదట తండ్రికి మిగిలిన ఒకే ఒక్క ముఖం. ఒకే పని ఇద్దరికి రెండు వేర్వేరు తూకాలలో తూగినప్పుడు, ఏ తూకాన్ని అనుసరించాలో నిర్ణయించుకోవడమే విలువలను నిర్వచించుకోవడం.

తెలుగు నేలమీద ఛాయాచిత్ర వ్యాపారానికి ఘనమైన పూర్వచరిత్ర ఉన్నది. మీరట్ సమీపంలోని సర్ధనాలో 1844లో జన్మించిన లాలా దీనదయాళ్, రూర్కీలో ఇంజనీరింగు విద్య అభ్యసించి, ఇండోరులో ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీ నేర్చుకొన్నాడు. 1880వ దశకంలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణ పొంది 'రాజా' బిరుదు అందుకొన్నాడు. ఆయన కీర్తికి నిజాం ప్రాపకం కారణమనడంలో సందేహం లేదు. అయితే నేటి చిన్న స్టూడియో నేర్చుకోవలసినది ఆ ప్రాపకాన్ని కాదు, ఆయన వ్యాపారంలోని రెండు నిర్ణయాలను.

మొదటిది, 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరవడం. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చొని ఫోటో తీయించుకొనే అవకాశం ఆనాడు లేదు. వారి ఆచారాన్ని అపహాస్యం చేయలేదు. వారిని ఖాతాదారుల లెక్కలో నుంచి కొట్టివేయనూ లేదు. ఒక ఆంగ్ల వనిత నిర్వహణలో వారికి తగిన ఏర్పాటు చేశాడు. అది వ్యాపార దక్షత కూడా, నిజమే. కాని ఎదుటివారి మర్యాదను అర్థం చేసుకొనలేనివానికి ఆ దక్షత అబ్బదు. రెండవది, తీసిన ప్రతి గాజుపలకకూ వరుస సంఖ్య వేసి భద్రపరచడం. 1905లో దీనదయాళ్ మరణించాడు. ఆయన సంపాదించిన ధనం ఏమయినదో నేడు ఎవరూ పట్టించుకోరు. ఆయన స్టూడియో గాజుపలకలు మాత్రం 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరి, ఒక యుగానికి సాక్ష్యంగా నిలిచాయి.

నిజాం నీడలో పెరిగిన స్టూడియోతో కురిచేడుకు పోలిక ఏమిటని మీకు అనిపించవచ్చు. కనుక నిజంగా చిన్నదైన స్టూడియో ఒకదానిని చూద్దాం. ఆఫ్రికాలోని మాలి దేశ రాజధాని బమాకోలో వడ్రంగిపని నేర్చిన సేదు కేత అనే యువకుడు 1948లో రైల్వేస్టేషనుకు దగ్గరలో స్టూడియో పెట్టాడు. రైలు దిగిన ప్రయాణికులు, దుకాణదారులు, గుమాస్తాలు, కొత్తగా పెళ్లయిన జంటలు ఆయన వద్దకు వచ్చేవారు. చేతిగడియారం, రేడియో, కోటు వంటివి స్టూడియోలోనే ఉంచి, లేనివారు కూడా ధరించి కూర్చొనే ఏర్పాటు చేశాడు. ఖర్చు కలిసిరావడానికి ఒక్కొక్కరికి సాధారణంగా ఒక్క ఫిల్ము మాత్రమే వాడేవాడు. కనుక ఆ ఒక్కదానికోసం మనిషిని ఎలా కూర్చోబెట్టాలి, చేయి ఎక్కడ ఉంచాలి, ముఖం ఎటు తిప్పాలి అని శ్రద్ధగా చూసుకొనేవాడు. నెగటివ్‌లను పారవేయలేదు. స్టూడియో మూతపడి మూడు దశాబ్దాలు గడచిన తరువాత, 1994లో, పారిస్ నగరంలో వాటి ప్రదర్శన జరిగింది. పేరుప్రతిష్ఠలను ఆశించి కాక, ఎదురుగా కూర్చొన్న సామాన్యుడు తన దృష్టిలో తాను గౌరవంగా కనిపించాలని చేసిన పని అది. ఒక్క రైల్వేస్టేషను చాలు, ప్రపంచం గుర్తుంచుకోదగిన స్టూడియో వెలియడానికి.

ఈ రెండు ఉదాహరణలనుబట్టి ఒక చిన్న స్టూడియోకు ఉండవలసిన విలువలను ఆలోచిద్దాం. అయితే ముందు ఒక పరీక్ష పెట్టుకోవాలి. దేనిని పాటించినందువలన మనకు ఎన్నడూ ఏ నష్టమూ రాదో అది విలువ కాదు, అలంకారం మాత్రమే. 'మంచి ఫోటోలు తీస్తాము' అనడం అలంకారం. చెడ్డ ఫోటోలు తీస్తామని ఎవరంటారు?

ఈ పరీక్షకు నిలిచే మొదటి విలువ సత్యం. ఇరవయ్యో శతాబ్దం నడుమ అమెరికాలోని కొడాక్ సంస్థ, రంగుల ఫోటోలను సరిచూసుకోవడానికి ముద్రణశాలలకు ఒక నమూనా చిత్రాన్ని పంపేది. అందులో ఉన్నది తెల్లని మేనిఛాయ గల యువతి. 'షర్లీ కార్డులు' అని వాటికి పేరు. ఆమె ముఖం చక్కగా వస్తే రంగులన్నీ సరిగా ఉన్నట్లే లెక్క. నల్లని మేనిఛాయ గలవారి ముఖాలు ఆ ఫిల్ముమీద సరిగా పడకపోయినా చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ముదురు గోధుమరంగు ఛాయలలో తేడాలు కనిపించడం లేదని ఫిర్యాదు చేసి మార్పు తెచ్చినవారిలో చాక్లెట్ల తయారీదారులు, కర్రసామాను వ్యాపారులు ఉన్నారన్న సంగతి మనలను సిగ్గుపడేటట్లు చేయాలి. నేడు ఆ దోషం ఫిల్ములో లేదు. మన చేతిలో ఉన్నది. కంప్యూటరులో ఒక్క మీట నొక్కి చామనఛాయ పెళ్లికూతురిని పాలరాతి బొమ్మగా మార్చడం చాలాచోట్ల అలవాటుగా మారింది. అలా మార్చిన ప్రతిసారీ, నీవు ఉన్నట్లుగా నీవు చాలవు అని ఆ అమ్మాయికి చెప్పకనే చెబుతున్నాము.

అడిగేది వినియోగదారుడే కదా, కాదంటే పక్క స్టూడియోకు పోడా అని ఒక వాదం ఉన్నది. వచ్చినవారికి ఉపన్యాసం ఇవ్వవలసిన పని లేదు. అడగనిదే రంగు మార్చకుండా ఉండవచ్చు. అడిగినప్పుడు మార్చినదానిని, మార్చనిదానిని పక్కపక్కన పెట్టి చూపవచ్చు. మూలచిత్రాన్ని చెరపకుండా ఉంచవచ్చు. ఇరవై ఏళ్ల తరువాత ఆమె కూతురు, 'అమ్మా, పెళ్లినాడు నీవు ఎలా ఉన్నావు?' అని అడిగినప్పుడు చూపడానికి నిజమైన ముఖం ఒకటి మిగిలి ఉండాలి.

రెండవ విలువ గోప్యత. ఊరిలో మంచి పేరు రావాలని, తాము తీసిన అందమైన ఫోటోలను స్టూడియో అద్దాల వెనుక ప్రదర్శించడం పాత అలవాటు. ఇప్పుడు ఆ అద్దాల స్థానంలో ఫోను వచ్చింది. నాడు అద్దం ముందు నిలిచినవారే ఫోటో చూసేవారు. నేడు అది ఎవరి చేతికి చేరుతుందో చెప్పలేము. ఒక ఆడపిల్ల ఫోటో ఆమెకు తెలియకుండా పదిమంది కంటబడితే చదువు మానిపించే ఇళ్లు, నింద మోపే వీధులు నేటికీ ఉన్నాయి. ఇది ఆమె జీవితానికి సంబంధించిన విషయం. చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మూల్యం చెల్లించి ఒకరు తీయించుకొన్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనట్లయితే, తీయించుకొన్నవారే కాపీరైటుకు తొలి యజమానులు. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. కెమెరా స్టూడియోది కావచ్చు, నైపుణ్యం ఛాయాగ్రాహకునిది కావచ్చు. ముఖం మాత్రం వారిది.

మూడవ విలువ పరిరక్షణ. నాడు ఫిల్ము కడిగి నెగటివ్‌ను కాగితపు సంచిలో పెట్టి, తేదీ వేసి దాచేవారు. నేడు ఒక్క పెళ్లికి వేల ఫోటోలు తీసి కంప్యూటరులో పడవేస్తున్నాము. హార్డ్ డిస్కు పాడయితే అవన్నీ ఒక్క క్షణంలో మాయమవుతాయి. నెగటివ్‌మీద గీత పడినా ముఖం ఆనవాలు దొరికేది. పాడయిన డిస్కులో అదీ దొరకకపోవచ్చు. తీయడం సులభమయిన కొద్దీ దాచడం కష్టమయింది. ఒక ప్రతిని స్టూడియోలోనూ, మరొక ప్రతిని వేరే చోటనూ ఉంచడం, ముఖ్యమైనవాటిని మంచి కాగితంమీద ముద్రించి ఇవ్వడం ఖర్చుతో కూడిన పనులే. ఆ ఖర్చును వెలలో కలిపి, ఎందుకు కలిపామో చెప్పడం న్యాయం. చెప్పకుండా ఖర్చు తగ్గించుకోవడం నమ్మకద్రోహం.

నాల్గవది సమదృష్టి. పెళ్లి ఆల్బమ్ వేల రూపాయల బేరం. పాస్‌పోర్టు ఫోటో కొద్ది రూపాయలది. అందుచేత కూలిపని మానుకొని వచ్చిన మనిషిని బయట కూర్చోబెట్టి, కారులో వచ్చినవారిని లోనికి పిలవడం సహజంగా జరిగిపోతుంది. ఆ కూలిమనిషికి పోయినది ఒక పూట వేతనం. అంతేకాదు, విసుగుతో తీసిన ఫోటోలో ఆ విసుగు కనిపిస్తుంది. గుర్తింపు కార్డుమీద సంవత్సరాల తరబడి నిలిచే ముఖం, ఎవరో తొందరపెట్టగా బెదిరిన ముఖం కావలసిన అవసరం లేదు.

ఇన్ని నియమాలు పెట్టుకొంటే బ్రతుకు గడిచేదెట్లా అన్న ప్రశ్న న్యాయమైనది. దానిని తేలికగా కొట్టివేయరాదు. మూఢాలు, శూన్యమాసాలు వచ్చినప్పుడు నెలల తరబడి పెళ్లిళ్లు ఉండవు. గది అద్దెకు మాత్రం మూఢం లేదు. పైగా ప్రతి చేతిలోనూ కెమెరా ఉన్న ఫోను ఉన్నది. ఒకనాడు స్టూడియోకు ఆధారమయిన గుర్తింపు ఫోటోలలో చాలా భాగాన్ని ఆయా కేంద్రాలలోనే కంప్యూటరు ముందు కూర్చోబెట్టి తీసికొంటున్నారు. ఈ పరిస్థితిలో వెల తగ్గించి నిలబడదామన్న స్టూడియో, డబ్బు అడగని ఫోనుతో పోటీపడుతున్నది. ఆ పోటీలో గెలుపు అసాధ్యం. ఫోను చేయలేనిది ఏమిటో అది చేసి చూపడమే దారి. ఫోను ఫోటో తీస్తుంది, కాని దానికి బాధ్యత వహించదు. పదేళ్ల తరువాత అడిగితే వెదకి ఇవ్వదు. బెదిరిన ముసలమ్మకు మంచినీళ్లిచ్చి, రెండు మాటలు మాట్లాడి, ముఖం తేటపడేదాకా ఆగదు. కనుక విలువలు వ్యాపారానికి అడ్డు కావు. చిన్న స్టూడియోకు మిగిలిన అసలు సరుకు అవే.

పనిముట్టు మారినా ప్రయోజనం తెలిసినవాడు నిలుస్తాడనడానికి దూరం పోనక్కరలేదు. ఇదే రైలుమార్గంలో కొంత పడమరగా ఉన్న మార్కాపురం, ఎన్నో బడులలోని పిల్లలకు రాతిపలకలను అందించింది. బడిలో పలక వాడకం తగ్గినప్పుడు అక్కడివారు తమ వద్ద ఉన్నది పలక కాదు, రాయి అని గ్రహించి, నేలకూ గోడలకూ పరిచే బిళ్లల తయారీ వైపు మళ్లారు. దీనికి భిన్నమైన ఉదాహరణ కొడాక్. 1975లో తన ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరాను చేతిలో ఉంచుకొని కూడా, ఫిల్ము అమ్మకమే తన వ్యాపారమని చిరకాలం భావించిన ఆ మహాసంస్థ 2012లో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. నేను అమ్ముతున్నది ఏమిటి అన్న ప్రశ్నకు సరైన జవాబు, పెద్దవారికైనా చిన్నవారికైనా, ముందుగా తెలిసి ఉండాలి.

ఇంతవరకు విలువల మాట. ఆశయం దానికంటె వేరు. ఎక్కడికి చేరాలో చెప్పేది ఆశయం; చేరే దారిలో దేనిని విడువరాదో చెప్పేది విలువ. లక్ష రూపాయలు సంపాదించడం, రెండవ కెమెరా కొనడం లక్ష్యాలు మాత్రమే. కురిచేడు స్టూడియోకు తగిన ఆశయం ఊరి జ్ఞాపకాన్ని నిలపడమని నేననుకొంటాను. నెలకు ఒక్కరోజు ఎవరూ డబ్బివ్వని ఫోటోలు తీయవచ్చు. స్టేషను, కాలువగట్టు, బడి, పంటలు, ఎండిన పొలం, పడిపోబోతున్న పాతమిద్దె, ఇష్టపడి కూర్చొన్న వృద్ధులు. తేదీ, చోటు, పేరు రాసి దాచితే, ఆ ఊరి చరిత్ర రాయదలచినవారికి అదే ఆధారమవుతుంది. నగరాల గురించి రాయడానికి ఎన్నో పుస్తకాలున్నాయి. చిన్న ఊరి ముఖాన్ని ఆ ఊరి ఛాయాగ్రాహకుడు దాచకపోతే మరెవరు దాచుతారు?

కనుక ఆ యువకుడు తన స్టూడియో గోడమీద, వెలల పట్టిక పక్కన, ఆరు వాక్యాలు రాయించవచ్చు. మీ మూలచిత్రాన్ని మార్చకుండా ఉంచుతాము. మార్పులు వేరే ప్రతిమీద, మీరు అడిగితేనే చేస్తాము. మీ అనుమతి లేనిదే మీ ఫోటోను ఎక్కడా ఎవరికీ చూపము. పదేళ్లలో ఎప్పుడు అడిగినా మీ ఫోటోను వెదకి ఇస్తాము. ఏ పనిమీద వచ్చినవారినైనా వచ్చిన వరుసలోనే పిలుస్తాము. చావు ఇంటి ఫోటోను బేరమాడకుండా, ఆలస్యం చేయకుండా ఇస్తాము. ఈ ఆరింటిలో నష్టం తెచ్చిపెట్టనిది ఒక్కటీ లేదు. అందుకే వాటిని చదివినవారు నమ్ముతారు. పైగా గోడమీద ఉన్న మాటను చూపి యజమానిని నిలదీసే అధికారం ప్రతి ఒక్కరికీ వస్తుంది. మనసులో దాచుకొన్న విలువకూ, రాసి పెట్టిన విలువకూ తేడా అదే.

విద్యార్థులారా! మీలో కొందరు ఉద్యోగాలకు వెళతారు. మరికొందరు కుట్టుమిషనో, మందుల దుకాణమో, సెల్‌ఫోను మరమ్మతో, ఫోటో స్టూడియోనో పెట్టుకొని స్వయంగా నిలబడతారు. ఆనాడు బోర్డు రాసే పెయింటరు వచ్చి, ఏమి రాయమంటారని అడుగుతాడు. నోటికి వచ్చిన వాక్యం చెప్పేముందు, అది మీకు ఏ రోజు ఎంత నష్టం తేగలదో ఆలోచించండి. ఆ నష్టానికి సిద్ధపడగలిగితే రాయించండి. సిద్ధపడలేకపోతే ఆ గోడను ఖాళీగా వదిలివేయడమే నిజాయితీ.